మద్దెలే ఓడు

కారు తనంతట తానే హారన్ కొట్టింది.

తాళం మెకానిక్కు బల్ల మీద ఉంది. కారులో నరమానవుడు లేడు. అయినా సరే, షెడ్డు మధ్యలో నిలబెట్టిన ఆ తెల్లకారు ఒక్కసారి గట్టిగా అరిచి, పొడి అద్దం మీద వైపర్లు కిర్రుకిర్రుమంటూ ఊపడం మొదలుపెట్టింది. వానా లేదు, చినుకూ లేదు. బయట ఎండ మాడ్చేస్తోంది.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సిస్టరమ్మ దిగ్గున లేచి చప్పట్లు కొట్టింది.

"చూశావా? నీ రెండు కళ్ళతో చూశావా లేదా? నేను ముట్టుకున్నానా దాన్ని? ఇక్కడున్నాను కదా నేను!"

నోట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని ఉండడం వల్ల ఫ్యూజు ఏమీ అనలేకపోయాడు. తల మాత్రం ఊపాడు. కార్లలో కరెంటు పని చేసేవాడతను. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా ముందు "ఫ్యూజు పోయుంటుందండీ" అనడం అలవాటు. ఆ మాటే పేరై కూర్చుంది. చివరికి పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుంది పాపం.

"ఈసారి ఫ్యూజు కాదండీ," అన్నాడు స్క్రూడ్రైవరు తీసి.

"ఇన్నాళ్ళకి ఒక మంచిమాట అన్నావు. ఇంకోసారి అను."

"ఫ్యూజు కాదు."

"నేనూ కాదు. అది కూడా అను."

అతను నవ్వాడు గానీ అనలేదు. సిస్టరమ్మ మళ్ళీ కూర్చోబోయి, కూర్చోలేక, కాలు కాలిన పిల్లిలా షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరగడం మొదలుపెట్టింది. టైర్ల గుట్ట దాకా వెళ్ళడం, పాత బ్యాటరీల వరస దాకా రావడం, మధ్యలో కారును ఒకసారి కోపంగా చూడడం.

ఆ ఆరాటం ఎందుకో చెప్పాలి మరి. ఆవిడ సర్వీసంతా పెద్దాసుపత్రిలో వార్డు నడిపిన మనిషి. సిస్టర్ అన్న మాటకి అమ్మ చేరి, రిటైరయినా ఆ పేరే మిగిలింది. ఏ మంచం మీద ఎవరున్నారు, ఎవరికి ఏ మందు ఎంత పడింది, కాగితం చూడకుండా చెప్పేది. రౌండ్లకి వచ్చిన డాక్టర్లు ఆవిడ ముందు గొంతు తగ్గించేవారు. అలాంటి మనిషిని కొంతకాలంగా ఇంట్లో అందరూ జాలిగా చూస్తున్నారు. తిట్టినా భరించవచ్చు గానీ, జాలి చూపు ఎవడు భరిస్తాడండీ?

మొదట లైట్లతో మొదలైంది. రాత్రి ఆపి తాళం వేసిన కారు తెల్లారేసరికి లైట్లన్నీ వెలిగి, బ్యాటరీ చచ్చి ఉండేది. అప్పుడు బ్యాటరీ మార్చింది కూడా ఈ ఫ్యూజే. "ఆపడం మర్చిపోయుంటారు సిస్టరమ్మా, పెద్దవయసులో మామూలే" అని ఓదార్చాడు. ఆ మాట ఆవిడ మర్చిపోలేదు, వదల్లేదు కూడా. తర్వాత డిక్కీ తెరిచి ఉండడం. తర్వాత తలుపులకి తాళం పడకపోవడం. "నేను వేశానే!" అని ఆవిడంటే, అల్లుడు నవ్వుతూ "ఆడలేక మద్దెల ఓడందట వెనకటికొకావిడ" అన్నాడు. మంచివాడే. సరదాకే అన్నాడు. ఆ సరదా ముల్లై గుచ్చుకుని ఇప్పటికీ సలుపుతోంది.

చివరికి వాన కురిసిన రాత్రి వచ్చింది. పొద్దున్నే చూస్తే కారు అద్దాలు నాలుగూ కిందికి దిగి ఉన్నాయి. సీట్లు నానిపోయాయి. కూతురు బుజ్జి ఒక్క మాట పెద్దగా అనలేదు. చెయ్యి చాపి, "తాళం ఇవ్వమ్మా" అంది. అరిస్తే తిరిగి అరిచేది, గొడవ గొడవగా పోయేది. కానీ బుజ్జి మెత్తగా అడిగింది. మంచం దిగి పారిపోవాలని చూసే రోగితో "పడుకోండి బాబాయిగారూ" అనే గొంతది. ఆ గొంతు సిస్టరమ్మకి బాగా తెలుసు. ఎంతమంది మీద వాడిందో! ఇచ్చేసింది. బుజ్జి దాన్ని తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టుకుంది.

ఆ రోజు నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. పడుకుని అరచేతిలో ఉండే ఎముకల పేర్లు వరసగా చెప్పుకునేది. ఒక్కటీ తప్పేది కాదు. మరి తన బుర్ర బాగుంటే అద్దాలెవరు దించినట్టు?

ఇప్పుడు కారు ఇండికేటర్లు రెండువైపులా ఒకేసారి కొట్టుకుంటుంటే, కాలేజీకి వెళ్తూ వెళ్తూ బుజ్జి దాన్ని ఇక్కడ దించింది. దానికీ ఒక లెక్క సిద్ధంగా ఉంది: ఆ రాత్రి వానకి తడిసి వైర్లు పాడయ్యాయి, అద్దాలు దించింది అమ్మ, కాబట్టి ఇదీ అమ్మ ఖాతాలోకే. లెక్కల లెక్చరరు కదా, లెక్క ఎక్కడా తేలకుండా ఉండదు. "నేనూ వస్తాను, అక్కడే కూర్చుంటాను" అని సిస్టరమ్మ మొండికేసి వెంట వచ్చింది. తప్పు కారుదా తనదా, ఇవాళ ఏదో ఒకటి తేలిపోవాలి.

"ఇటు రండి సిస్టరమ్మా," అని ఫ్యూజు పిలిచాడు.

బ్యాటరీ వైరు విప్పి పక్కకి తప్పించి, డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట పైనున్న ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. వెల్లకిలా పడుకుని, టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, లోపలి నుంచి టిఫిను డబ్బా అంత నల్లటి పెట్టె ఒకటి బయటికి లాగాడు. దానికి గుచ్చిన వైర్ల గుత్తులు ఒక్కొక్కటే ఊడబెరికాడు.

"దీన్ని బీసీఎం అంటారు. లైట్లు, తాళాలు, అద్దాలు, వైపర్లు, హారను, ఇండికేటర్లు, అన్నిటికీ ఇదే పెత్తందారు. మీరు స్విచ్చి నొక్కితే ఆ కబురు దీనికి వెళ్తుంది. ఇది అవునంటేనే లైటు వెలుగుతుంది."

"నేను నొక్కకపోతే?"

"ఇది బాగున్నంత కాలం వెలగదు."

మూత తెరిచి టార్చి వేశాడు. లోపల రాగి గీతల మీద, సూదుల మొదళ్ళలో ఆకుపచ్చటి చిలుము పేరుకుని ఉంది. ఫ్యూజు నాలుక చప్పరించాడు.

"నీళ్ళు పోయాయండీ. ఆ రోజు సీట్లు తడిశాయన్నారు కదా, అప్పుడే..."

"ఆగు." సిస్టరమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, అతని చేతిలో టార్చి లాక్కుని, పెట్టె మీదికి వంగింది. పుండు చూసినట్టు చూసింది. అంచుల్లో పొరలు పొరలుగా గట్టిపడిన చిలుము. ఒక పొర ఎండాక దాని మీద ఇంకొకటి. "ఇది నిన్నా మొన్నటిదంటావా? చూడు, పొర మీద పొర కట్టింది. ఎన్నాళ్ళుగానో కారుతున్న పుండు ఇది."

ఫ్యూజు గోటితో గీకాడు. చిలుము పెచ్చుగా లేచింది. అతని ముఖం మారింది. బానెట్ ఎత్తి, ముందు అద్దం కింద నీళ్ళు పోయే సందులో చెయ్యి పెట్టాడు. గుప్పెడు కుళ్ళిన ఆకులు బయటికి వచ్చాయి. ఆ సందు మూసుకుపోయి, వాన పడినా కారు కడిగినా ఆ నీళ్ళు లోపలికి దిగి, సరిగ్గా ఆ పెట్టె మీదే బొట్టు బొట్టుగా పడుతున్నాయి.

"ఏడాది పైమాటేనండీ ఇది," అన్నాడు ఆకులు విదిలిస్తూ. "ఆ ఒక్క వానకి పాడయింది కాదు. ఇది పాడవబట్టే ఆ రాత్రి అద్దాలు దిగాయి."

"లైట్లు?"

"ఇదే."

"డిక్కీ?"

"ఇదేనండీ."

"తలుపులు? నేను వేశాక కూడా ఊడొచ్చిన తాళాలు?"

"అన్నీ ఇదే చేసింది. నేనే బుద్ధి లేక బ్యాటరీ మార్చి మిమ్మల్ని అన్నాను. ఒక్కొక్క రోగమే చూశాను గానీ, అన్నిటికీ మూలం ఒకటేనేమో అని చూళ్ళేదు. తప్పయిపోయింది సిస్టరమ్మా."

"మద్దెలే ఓడు!" అంది సిస్టరమ్మ. ఒక్కసారి అని ఊరుకోలేదు. టైర్ల గుట్టకి చెప్పింది, బ్యాటరీలకి చెప్పింది, ముక్కు తుడుచుకుంటూ గోడ మీద క్యాలెండరుకి కూడా చెప్పింది. "నిజంగానే మద్దెల ఓడురా నాయనా!"

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫ్యూజు మంచినీళ్ళ సీసా అందించి, చూడనట్టు అటు తిరిగాడు.

కొత్త పెట్టె విడిభాగాల దుకాణం నుంచి బండి మీద వచ్చింది. ఫ్యూజు పాతదాన్నీ కొత్తదాన్నీ లాప్‌టాపుకి తగిలించి, పాతదాంట్లో బతికున్న సమాచారమంతా కొత్తదాంట్లోకి ఎక్కించాడు. వైర్ల గుత్తులు బిగించి, పెట్టెను దాని గూట్లో కూర్చోబెట్టి, బ్యాటరీ తగిలించాడు. తర్వాత బల్ల మీదున్న తాళం తీసుకుని ఇటూ అటూ చూశాడు.

"రెండోదేదండీ?"

"ఏ రెండోది?"

"మీది. సంగతులన్నీ దీనికి ఎక్కాయి గానీ తాళాల్ని మాత్రం మళ్ళీ పరిచయం చెయ్యాలి. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్క విడతలోనే చూపించాలి. ఇప్పుడు రాని తాళాన్ని ఇది ఇక గుర్తుపట్టదు. పెట్టి తిప్పినా బండి కదలదు."

సిస్టరమ్మ కళ్ళు దించుకుంది. ఆ తాళం కూతుర్ని తనంతట తాను అడగకూడదని ఒట్టు పెట్టుకుని ఉంది. ఆ సంగతి ఫ్యూజుకి తెలియకపోయినా ముఖం చూసి ఏదో అర్థమైంది. తనే బుజ్జికి ఫోను చేశాడు. చేతులు జిడ్డుగా ఉన్నాయని స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"ఇంకో తాళం కావాలాండీ?" అంది బుజ్జి అంతా విని. వెనకాల పిల్లల గోల వినపడుతోంది. "అక్కర్లేదులెండి. మీ దగ్గరున్న నా తాళం ఒక్కటి చాలు. అమ్మది పోతే పోనివ్వండి. నిజానికి అదే మంచిది."

ఫ్యూజు ఫోను వంకా సిస్టరమ్మ వంకా చూసి, చేతులు పాత గుడ్డకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఫోను దగ్గరికి వంగింది.

"బుజ్జీ, నేనే. తాళం ఇతని బల్ల మీద ఉందే. కారులో ఎవరూ లేరు. అదే హారన్ కొట్టి, అదే వైపర్లు వేసుకుంది."

"అమ్మా..."

"నిజమండీ బుజ్జిగారూ!" ఫ్యూజు పక్క నుంచి అరిచాడు. "నా గుండె ఆగినంత పనైంది! పెట్టెలోకి ఏడాదిగా నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు అద్దాలు దించింది కూడా అదేనండీ. సిస్టరమ్మ ఏమీ చెయ్యలేదు!"

బుజ్జి క్లాసు బయటికి నడిచినట్టుంది. పిల్లల గోల ఎక్కడో దూరంగా పోయింది.

"ఇంటికెళ్ళి తీసుకుని వస్తున్నా," అంది బుజ్జి.

ఇక సిస్టరమ్మ హాయిగా కూర్చోవాలి కదా? కూర్చుంది కూడా. కాళ్ళు చాపుకుంది. అల్లుడు రాగానే ఏమనాలో రెండు మూడు రకాలుగా అల్లుకుంది. కానీ కాసేపటికే లేచి మళ్ళీ గోడ నుంచి గోడకి నడక. ఈ నడక వేరు. ఇందాకటి కోపం ఇందులో లేదు. చెప్పొద్దూ, ఇది భయం.

ఎందుకంటే ఇంట్లో ఎవరికీ తెలియనిది ఒకటి మిగిలి ఉంది. వానకి ముందు, తాళం ఇంకా తన దగ్గరే ఉన్న రోజుల్లో, కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తోంది. రోజూ వచ్చే దారే. పెట్రోలు బంకు దగ్గర కూడలిలో ఎర్రలైటు పడితే ఆగింది. పచ్చలైటు పడింది. ఇండికేటరు మీద చెయ్యి వేసింది. ఎటు వెయ్యాలో తెలియలేదు. కుడి ఏదో తెలుసు, ఎడమ ఏదో తెలుసు. ఆ రోడ్లే తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని రోడ్లలా ఉన్నాయి. వెనక బళ్ళు హారన్లు మోగిస్తుంటే ఏదో ఒకవైపు తిప్పేసింది. చెమటలు కారుతూ సందుసందూ తిరిగాక, ఎక్కడో ఒక బడి గేటు కనపడగానే బుర్రలో దీపం వెలిగినట్టు అంతా తిరిగొచ్చింది. ఇంటికొచ్చి "ట్రాఫిక్కే" అంది. ఎవరూ అనుమానించలేదు. విచిత్రం చూడండి: చెయ్యనివాటికి నిందలు మోసింది, చేసిన ఒక్కదాని గురించీ ఎవరూ అడగలేదు.

ఫ్యూజు ప్లాస్టిక్ మూత బిగిస్తున్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది.

"ఇండికేటర్లు కూడా ఈ పెట్టే చూస్తుందన్నావు కదూ?"

"ఇదేనండీ."

"అంటే... ఒక్కోసారి ఎటు వెయ్యాలో తోచకుండా పోతే? అది కూడా దీనివల్లేనా?"

ఫ్యూజు పకపకా నవ్వాడు. "భలేవారే! దీనికి దారులేం తెలుసండీ? అది డ్రైవరు పని. మీరెటు వెయ్యమంటే ఇది అటు వేస్తుంది, అంతే."

"ఊరికే అడిగాలే," అంది సిస్టరమ్మ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ. అతను గమనించలేదు. మరలు బిగించుకుంటూ ఈల వేస్తున్నాడు.

బుజ్జి ఆటో దిగి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. వేళ్ళకి సుద్దపొడి ఇంకా అలాగే ఉంది. గుప్పిట్లో తాళం. చిన్న కత్తెర బొమ్మ వేలాడే సిస్టరమ్మ తాళం. తల్లి ముఖం చూడగానే లోపలినుంచి ఏడుపు తన్నుకొచ్చింది.

"నన్ను తిట్టవే అమ్మా. గట్టిగా తిట్టు."

"తిడతాలే, ఎక్కడికి పోతావు? ముందు అది అతనికివ్వు."

ఫ్యూజు సీట్లో కూర్చుని లాప్‌టాపులో ఏదో నొక్కి, బుజ్జి తాళం పెట్టి తిప్పాడు. మీటర్ల మధ్య ఎర్రటి తాళం బొమ్మ టపటప కొట్టుకుని ఆరిపోయింది. తర్వాత కత్తెర బొమ్మ తాళం. ఎర్రబొమ్మ కొట్టుకుంటూనే ఉంది. ఆరదే! ఫ్యూజు ఈల ఆపేశాడు. బుజ్జి తల్లి చెయ్యి పట్టుకుంది. ఏమని మొక్కుకోవాలో ఆ క్షణాన సిస్టరమ్మకే తెలియలేదు. ఆరాలనా, ఆరకూడదనా?

ఆరిపోయింది.

"గుర్తుపట్టేసింది!" అని ఫ్యూజు కేకేశాడు. లైట్లు వేశాడు, ఆపాడు. అద్దాలు దించాడు, ఎత్తాడు. హారన్ కొట్టి చూశాడు. చెప్పిందల్లా చేసింది, చెప్పనిదేదీ చెయ్యలేదు ఆ కారు. బుజ్జి డ్రైవరు వైపు తలుపు తెరిచి, పక్కకి జరిగి నిలబడింది.

"ఇంటికి నువ్వే తీసుకెళ్ళు అమ్మా. నీ కారు, నీ తాళం. ఇంక నిన్నెవరైనా ఏమన్నా అంటే నేనూరుకోను."

ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూసిన మాటో అది! సిస్టరమ్మ ఎక్కి కూర్చుంది. స్టీరింగు మీద రెండు చేతులూ వేసింది. ఇంకా కొంచెం ముక్కవాసన కొడుతున్నా, సీటు తన సీటే. నోరు మెదపకపోతే చాలు, అన్నీ తిరిగొచ్చేస్తాయి. తాళం, మర్యాద, అల్లుడి మీద గెలుపు. కానీ వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా అబద్ధమాడకూడదని ఎంతమంది రోగుల్ని కసిరింది తను! చెప్పకుండా దాచి, ముదరబెట్టుకుని వచ్చినవాళ్ళ మీద ఎంత మండిపడేది!

దిగిపోయింది.

"నువ్వే నడుపు."

"ఇంకా కోపమేనా అమ్మా?"

"కోపం కాదే పిచ్చిదానా." కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది, తుడవాల్సిన అవసరం లేకపోయినా. "మొన్నామధ్య ఒక రోజు కూరగాయలకెళ్ళి ఆలస్యంగా వచ్చి, ట్రాఫిక్కన్నాను చూడు. అబద్ధం. బంకు దగ్గర కూడలిలో ఇంటికి దారి తెలియలేదు నాకు. ఎంతసేపు తిరిగానో కూడా తెలియదు. ఈ పెట్టె చేసిందేమోనని ఇతన్ని అడిగాను. దానికి దారులు తెలియవట."

ఫ్యూజు చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. బుజ్జి జాలిగా చూడలేదు, అదే ఆవిడకి కాస్త ధైర్యమిచ్చింది. భయపడ్డ చిన్నపిల్ల చూసినట్టు చూసింది.

"ఒకే ఒక్కసారేనా అమ్మా?"

"నాకు తెలిసి ఒక్కసారే. అందుకే చూడాలి. నువ్వు నడుపు, నేను దారి చెప్తాను. నేనేమంటే అది చెయ్యి. తప్పని తెలిసినా తిప్పు. నోరెత్తావో చూడు. ఎక్కడ తప్పానో గుర్తుపెట్టుకుని రేపు డాక్టరుకి చెబుదువుగాని. మద్దెల బాగయింది కదా, ఇప్పుడు ఆట చూద్దాం."

కత్తెర బొమ్మ తాళాన్ని గుప్పిట్లో బిగించుకుని పక్క సీట్లో కూర్చుంది. బుజ్జి తన తాళంతో కారు తీసింది. షెడ్డు గుమ్మం దాటి రోడ్డు మొదట్లో ఆగారు. కుడివైపు టైర్ల కొట్టు, బస్టాపు. ఎడమవైపు ఒక మేడ, దానవతల ఎండలో రోడ్డు.

"ఎటమ్మా?"

సిస్టరమ్మ అటు చూసింది, ఇటు చూసింది. పొద్దున ఈ రోడ్డు మీదే వచ్చారు.

"ఎడమకి."

బుజ్జి చెయ్యి ఇండికేటరు మీద ఒక్క క్షణం ఆగింది. ఆగి, ఎడమకే వేసింది. పచ్చబాణం టిక్కుటిక్కుమంటూ చెప్పినట్టే వెలిగింది. కానీ ఆ ఆగడాన్ని సిస్టరమ్మ చూసింది. నాడి పట్టుకున్న వేళ్ళకి తెలియకుండా ఉంటుందా?

"తప్పే కదూ?" అంది.

బుజ్జి నోరెత్తలేదు. ఎత్తొద్దంది కదా తల్లి. రోడ్డు వంకే చూస్తూ గబగబా కళ్ళు తుడుచుకుంది.

"సరే, ఒకటి. లెక్కపెట్టుకో." సిస్టరమ్మ సీటు బెల్టు పెట్టుకుంది. రెండోసారికి గానీ కొక్కెం పడలేదు. "అనుకున్నట్టే తిప్పు. అటునుంచైనా ఇంటికి దారి ఉండకపోదు."

బుజ్జి కారును ఎడమకి తిప్పింది.